నొప్పి లేని బుడగ

మూడోసారి కూడా బీపీ మిషన్ అదే మాట చెప్పింది. పైన 160, కింద 100. సిస్టరుకు అనుమానం వచ్చి పట్టీని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చింది. కాసేపు కూచోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ చూసింది. అంకె కదల్లేదు.

"ఇంట్లో ఏమన్నా గొడవైందా అమ్మా?" అంది నవ్వుతూ.

గొడవేం లేదు. 2022 జూన్... బడులు తెరిచిన వారం. ఆ అమ్మాయి మల్కాజ్‌గిరి ఆనంద్‌బాగ్‌లోని ఓ ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. పెళ్ళయి మూడేళ్ళు కావస్తోంది, ఇక పిల్లల సంగతి ఆలోచిద్దాం అనుకుని, ముందుగా ఓసారి లేడీ డాక్టరుకు చూపించుకోవడానికి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. వయసు 28. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, మూడంతస్తుల బడి మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కి దిగినా ఆయాసం లేదు. మిషనే పాడైందేమో అనుకున్నారు ఇద్దరూ. అదే మిషన్‌తో అత్తగారికి చూస్తే 130, కింద 80 వచ్చింది. షుగరుకీ బీపీకీ పదేళ్ళుగా మాత్రలు మింగుతున్న ఆవిడ నార్మలు, రాయిలాంటి కోడలికి బీపీ!

అక్కడ ఓ మాత్ర రాసిచ్చి పంపేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. చాలాచోట్ల జరిగేది అదే. ఆ లేడీ డాక్టరు మాత్రం కలం కింద పెట్టి, "ఇరవై ఎనిమిదేళ్ళకు ఇంత బీపీ ఊరికే రాదమ్మా. ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. ముందు కిడ్నీల దగ్గర వెతుకుదాం" అంది.

బీపీకీ కిడ్నీకీ ఏమిటి సంబంధం? 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే అమెరికన్ డాక్టరు కుక్కల మీద చేసిన ప్రయోగంతో ఈ లంకె తేటతెల్లమైంది. కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని చిన్న క్లిప్పుతో కాస్త నొక్కి పెట్టాడాయన. అంతే, కుక్కకు బీపీ పెరిగిపోయింది. కారణం తెలుసుకుంటే కిడ్నీ మీద జాలేస్తుంది. తనకు వచ్చే రక్తం తగ్గితే, నాళం ఇరుకైందని దానికి తెలియదు. ఒంట్లోనే రక్తం తగ్గిపోయిందనుకుంటుంది. వీధి చివరింటికి నల్లా సన్నగా వస్తే, 'ఊళ్ళో నీళ్ళే లేవు' అని ఆ ఇంటివాళ్ళు గోల పెట్టినట్టన్నమాట. రెనిన్ అనే రసాయనాన్ని వదిలి ఒళ్ళంతా హడావుడి చేస్తుంది. నాళాలన్నీ బిగుసుకుంటాయి, ఒంట్లో ఉప్పూ నీరూ నిలవవుతాయి, బీపీ ఎక్కి కూచుంటుంది. గుప్పెడంత కిడ్నీయే కదా అనుకోవడానికి లేదు. గుండె పంపే రక్తంలో ఐదో వంతు... నిమిషానికి లీటరుకు పైనే... ఆ రెండు కిడ్నీల గుండానే పోతుంది. అవి గోల పెడితే ఒళ్ళు వినక తప్పదు.

డాప్లర్ స్కాన్ తీశారు. ఏదో ఉంది అన్నారు. చేతి నరంలోకి మందు ఎక్కించి సీటీ యాంజియోగ్రామ్ తీశారు. రిపోర్టు వచ్చింది. కుడి కిడ్నీకి వెళ్ళే ధమని రెండు కొమ్మలుగా చీలేచోట, 18 మిల్లీమీటర్ల సంచి. దానికి ముందు నాళం కొంతమేర సన్నబడి ఉంది. సంచి పేరు 'రీనల్ ఆర్టరీ అన్యూరిజం'.

అయిదారు మిల్లీమీటర్ల వెడల్పుండే నాళానికి, పక్కన రేగుపండంత బుడగ!

* * *

మీర్జాలగూడలోని ఆ ఇంట్లో రైలు కూతలే గడియారం. మామగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కాజీపేట నుంచి వచ్చి, లోన్లు పెట్టి కట్టుకున్న ఇల్లు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ఇన్నాళ్ళూ లాలాగూడ రైల్వే ఆసుపత్రికి నడవడమే అలవాటు. తీరా ఇప్పుడు చూస్తే రైల్వే మెడికల్ కార్డులో భార్య పేరుంటుంది కానీ కోడలి పేరుండదు. కొడుకు ఆఫీసు ఇన్సూరెన్సు కాగితాలు బీరువాలోంచి బయటికొచ్చాయి. వాటిలోని సన్నక్షరాలను ఆ ఇంట్లోవాళ్ళు చదవడం అదే మొదటిసారి.

మామగారికి మాత్రం జబ్బు ఒక్క ముక్కలో అర్థమైపోయింది. బోగీకీ బోగీకీ మధ్య ఎయిర్ బ్రేకు గొట్టాలుంటాయి. తనిఖీలో ఎక్కడన్నా గొట్టం ఉబ్బినట్టు కనిపిస్తే, పగిలేదాకా ఎవరూ ఆగరు. తీసి అవతల పారేసి కొత్తది బిగిస్తారు. స్పెషలిస్టు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన అదే అడిగారు. "ఉబ్బిన గొట్టం మార్చెయ్యాలె గద సార్. ఎందుకింత ఆలోచన?"

డాక్టరుకు ఆ ప్రశ్న నచ్చినట్టుంది. "మీరు గొట్టం మార్చాలంటే బండి ఆపుతారు కదండీ. మేం నడుస్తున్న బండికి చెయ్యాలి. కిడ్నీకి రక్తం ఆగితే అది ఎక్కువసేపు ఓర్చుకోదు. పైగా మీకు ఉబ్బిన గొట్టాలన్నీ ఒకటే. మాకు కాదు. కొన్ని ఉబ్బి అలాగే ఉండిపోతాయి, మనిషి తొంభై ఏళ్ళు బతికి వేరే కారణంతో పోతాడు."

సరిగ్గా ఇక్కడే ఉంది ఈ జబ్బులోని చిక్కంతా. వెయ్యిమందిని స్కాన్ చేస్తే ఒకరిలో ఈ బుడగ ఉంటుందేమోనని ఒక అంచనా. వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. నొప్పి ఉండదు, వాపు కనపడదు. కడుపులో రాయి ఉందేమోనని ఒకరు, గ్యాస్ నొప్పని ఒకరు స్కానింగుకు వెళ్తే, అడగని సమాధానంలా అది బయటపడుతుంది. తెలిశాక ఇక నిద్ర పట్టదు. పగిలితే ప్రాణం మీదికి వస్తుందన్న మాట నిజం. పగిలేవి తక్కువన్న మాటా నిజం. అమెరికాలో 16 ఆసుపత్రులు కలిసి, 760 మందిలో 865 బుడగల లెక్క తీసి 2015లో ప్రచురించాయి. ఊరికే కనిపెట్టి చూస్తూ ఉన్నవాళ్ళలో బుడగ పెరిగిన వేగం సగటున ఏడాదికి మిల్లీమీటరు కూడా లేదు. అంతకు ముందు రెండు సెంటీమీటర్లు దాటితే చాలు, ఆపరేషన్ అనేవారు. ఇలాంటి లెక్కలు చూశాక, ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు మూడు సెంటీమీటర్ల దాకా ఆగవచ్చని 2020లో అమెరికా రక్తనాళాల సర్జన్ల సంఘం మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్త సంగతులు తెలిసేకొద్దీ కత్తి పట్టేచోట తగ్గడం వైద్యంలో తరచూ చూసేది కాదు. మెచ్చుకోవలసిందే.

"ఐతే మాకు ఇంకా రెండు సెంటీమీటర్లు కూడా కాలేదు గద!" అత్తగారి ప్రాణం లేచొచ్చింది. "నాకే ఉంటే ఏం చేసేటోళ్ళు సార్?"

"మీకు ఇదే చోట, ఇదే సైజులో ఉంటే వదిలేసేవాళ్ళం అమ్మా. బీపీ మాత్రలు సరిచేసి, ఏడాదికో రెండేళ్ళకో స్కాన్ తీయించుకోమనేవాళ్ళం."

"మరి మా కోడలికి?"

"తనకు పిల్లలు కావాలి కదా" అన్నాడు డాక్టరు.

గర్భం వచ్చిందంటే ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె మరింత గట్టిగా పంపుతుంది. కాన్పు కోసం కీళ్ళను వదులు చేసే హార్మోన్లే రక్తనాళాల గోడల్నీ మెత్తబరుస్తాయి. మామూలుగా కదలకుండా పడుండే బుడగ అలాంటప్పుడు, అందులోనూ చివరి మూడు నెలల్లో, పగిలే ప్రమాదం ఎక్కువ. పగిలితే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కడం కష్టం. అందుకే ఆ మార్గదర్శకాల్లోనే, పిల్లల్ని కనవలసిన వయసులో ఉన్న ఆడవాళ్ళకు సైజుతో నిమిత్తం లేకుండా చికిత్స చెయ్యాలని విడిగా రాశారు. అదే బుడగ... అత్తలో ఉంటే వదిలెయ్యాలి, కోడల్లో ఉంటే వదలకూడదు! ఆ మాట అత్తగారికి నాలుగు రోజులు మింగుడు పడలేదు.

* * *

ఇలాంటి కథల్లో అత్తగారు ఏం చేస్తుందో మనకు తెలుసనుకుంటాం. ఆ ఇంట్లో తిరగబడింది. 'ముందు వైద్యం, పిల్లలు తర్వాత' అన్నది అత్తగారు. వద్దన్నది కన్నతల్లి.

జనగామ నుంచి ఆ తల్లి బస్సు దిగి వచ్చిన రోజు, వంటింట్లో వియ్యపురాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. "నొప్పి లేదు, నొసలు లేదు. ఇప్పుడెందుకు వదినా? ఒక్క కాన్పు కానియ్యి. తర్వాత మీ ఇష్టం" అని ఆమె బతిమాలింది. పైకి చెప్పింది అది. చెప్పనిది వేరే ఉంది. పెళ్ళయిన మూడేళ్ళకే ఆసుపత్రి పాలైన పిల్లంటే నలుగురూ రోగిష్టిదని వేలెత్తి చూపిస్తారేమో, రేపు అత్తింటివాళ్ళ మనసే మారుతుందేమో. అందుకే ముందు ఒళ్ళో ఓ బిడ్డ పడితే బాగుండునని ఆ తల్లి ఆశ. ఆడపిల్లల తల్లులకు కిడ్నీ డాక్టర్లకు తెలియని లెక్కలు చాలా తెలుసు.

ఇంకో భయం కూడా ఉంది. తొడ మొదట్లోంచి వైరు పంపిస్తారట, ఎక్స్‌రేలో చూస్తూ చేస్తారట. పిల్లల సంచికేమన్నా అయితే? ఆ ప్రశ్న సిగ్గుపడకుండా అడిగింది మాత్రం కోడలే. ఎక్స్‌రే కిరణం కిడ్నీ దగ్గరే పడేలా కట్టుదిట్టం చేస్తారనీ, కిందికి చేరేది కొద్దిపాటేననీ, ముందురోజు గర్భం లేదని పరీక్ష చేసుకునే బల్ల ఎక్కిస్తారనీ డాక్టరు చెప్పాడు. వైరు వెళ్ళే దారి ధమనే కాబట్టి గర్భసంచిని తాకే పనే లేదు. చేతి మణికట్టు దగ్గర నుంచీ వెళ్ళవచ్చు కానీ, ఈమెకు తొడ దారే నేరుగా ఉంటుందన్నాడు.

"కడుపు కోసి చేస్తే ఇంకా గట్టిగా ఉంటదేమో గద?" మామగారి సందేహం. తప్పు ప్రశ్నేం కాదు. కోసి చేసే ఆపరేషన్ ఇప్పటికీ ఉంది, మంచిది కూడా. బుడగను కత్తిరించి, నాళాన్ని కుట్టేస్తారు. కొమ్మలు మరీ చిక్కుపడి ఉంటే కిడ్నీనే బయటికి తీసి, చల్లటి ద్రవంలో పెట్టి, బల్ల మీద బాగుచేసి మళ్ళీ ఒంట్లో అతికిస్తారు. తన కిడ్నీనే తనకు మార్పిడి చేయడమన్నమాట! బుడగ ఉన్న చోటు వైరుకు అందకపోతే ఈనాటికీ అదే గతి. అందితే మాత్రం, కడుపు మీద జానెడు కోత, వారం పది రోజులు ఆసుపత్రి మంచం, రెండు మూడు నెలల నీరసం తప్పుతాయి. కాకపోతే లోపల పెట్టింది కుదురుగా ఉందో లేదో ఏళ్ళ తరబడి చూసుకుంటూ ఉండాలి. ఆ బేరం ఒప్పుకుంటేనే ఇటు రావాలి.

కిడ్నీ నాళాల జబ్బు ఒకచోట ఉంటే ఇంకోచోటా ఉండొచ్చని మెడ, మెదడు నాళాలకు కూడా ఓ స్కాన్ రాశారు. ఈ రిపోర్టు కోసం ఎదురుచూసిన రెండు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందన్న మాటే కానీ అన్నం ఎవరికీ సయించలేదు. అక్కడేమీ లేదు. లష్కర్ బోనాల నాడు అత్తగారు మహంకాళమ్మకు మొక్కుకుని వచ్చి, మర్నాడు జనగామకు ఫోను చేసింది. "వదినా, పెద్దదానిగ చెప్తున్న. నా కొడుకు, నేను ఈ ఇంట్ల ఉన్నంత కాలం నీ బిడ్డను ఎవరూ ఒక్క మాట అనరు. మంచి మనసుతోని ఊ అను."

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "ఎప్పుడు రమ్మంటవు?" అని వినిపించింది.

* * *

కోత లేకుండా రక్తనాళంలోంచే వెళ్ళే ఈ దారికి ఓ చరిత్ర ఉంది. 1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ ఓ చిన్న కిటుకు కనిపెట్టాడు. నాళంలోకి సూది గుచ్చి, సూదిలోంచి సన్నటి వైరు పంపి, సూది తీసేసి, ఆ వైరు మీదుగా గొట్టాన్ని జార్చడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఈనాటికీ గుండె యాంజియోగ్రామ్ దగ్గర్నుంచి అన్నిటికీ అదే మొదటి మెట్టు. పదకొండేళ్ళ తర్వాత, 1964 జనవరిలో, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు దగ్గరికి 82 ఏళ్ళ ముసలమ్మను తీసుకొచ్చారు. కాలి నాళం మూసుకుపోయి పాదం కుళ్ళుతోంది. కాలు తీసెయ్యాలన్నారు సర్జన్లు. ఆమె ససేమిరా అంది. డాటర్ వైరు పంపి, దాని మీదుగా గొట్టాలు జార్చి ఆ ఇరుకును వెడల్పు చేశాడు. ముసలమ్మ సొంత కాళ్ళ మీదే నడిచింది. అంతవరకూ ఎక్స్‌రే డాక్టరంటే ఫొటో తీసి ఇచ్చేవాడు. 'చూసి చెప్పు చాలు, బాగుచెయ్యబోకు' అని ఓ సర్జన్ డాటర్‌కు పంపిన చీటీ మీద రాశాడట! ఇలాంటి చీటీలు రాసేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

బుడగల సంగతికొస్తే, ఇటలీ డాక్టరు గీడో గుగ్లియెల్మి పేరు చెప్పుకోవాలి. మెదడులోని బుడగల కోసం ఆయన ప్లాటినం తీగచుట్టల్ని తయారుచేయించాడు. చుట్టను బుడగలోకి తోసి, సరిగ్గా కూచుందనిపిస్తేనే చిన్న కరెంటుతో తీగ నుంచి తెంపుతారు. నచ్చకపోతే వెనక్కి లాక్కోవచ్చు. 1990లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి మనిషి మీద వాడారు. మెదడు కోసం పుట్టిన పనిముట్టు తర్వాత కిడ్నీకీ ప్లీహానికీ పనికొచ్చింది.

ఆగస్టు రెండో వారం. పొద్దున్నే ఖాళీ కడుపుతో బల్ల మీద పడుకోబెట్టారు. పూర్తి మత్తు ఇవ్వలేదు. తొడ మొదట్లో తిమ్మిరి ఇంజక్షన్, కొంచెం జోకొట్టే మందు. రెండు మిల్లీమీటర్ల లావు గొట్టం ఒకటి లోపలికి వెళ్ళింది. రక్తనాళాల లోపలి పొరకు స్పర్శ తెలియదు కాబట్టి, గొట్టం పొట్టలోని పెద్ద ధమని ఎక్కి, కుడికి తిరిగి కిడ్నీ దారి పట్టిన సంగతి ఆమెకు తెలియనే లేదు. తెలిసిందల్లా మందు వదిలినప్పుడల్లా నడుములో వెచ్చగా పాకినట్టు ఓ సెగ. పక్క తెరమీద తన కిడ్నీ, చెట్టు కొమ్మల్లాగా నల్లగా విచ్చుకోవడం మెడ తిప్పి చూసింది. కొమ్మల చీలిక దగ్గర గుండ్రంగా... అదే! రెండు నెలలుగా తిండీ నిద్రా లేకుండా చేసింది ఇదా అనిపించిందట.

ముందు బెలూనుతో ఇరుకైన చోటును వెడల్పు చేశారు. తర్వాతిది అసలు పని. బుడగకు మెడ సన్నగా ఉంటే చుట్టలు నింపి వదిలెయ్యొచ్చు. ఈమెకు మెడ వెడల్పు. నింపిన చుట్టలు జారి నాళంలోకి వచ్చిపడితే కిడ్నీకి రక్తమే ఆగిపోతుంది. అందుకని మెడకు అడ్డంగా జల్లెడలాంటి స్టెంట్ పరిచి, ఆ జల్లెడ కన్నంలోంచి వెంట్రుకలాంటి గొట్టం దూర్చి, బుడగలోకి ఒకదాని తర్వాత ఒకటి చుట్టలు పంపారు. రక్తం అందులో తిరగడం మానేస్తే గడ్డకట్టుకుపోతుంది, బుడగ ఉన్నా లేనట్టే. ఒక చుట్ట నచ్చక వెనక్కి లాగారు. మొత్తం ఏడు పట్టాయి. ఒక్కొక్కటీ వేలల్లో ఉంటుంది. బయట బెంచీ మీద కొడుకు, ఇన్సూరెన్సు వాళ్ళు ఎన్ని చుట్టలకు ఒప్పుకుంటారోనని లెక్కలేస్తున్నాడు. ఆ సమయంలో అలాంటి లెక్క చేస్తున్నందుకు తర్వాత చాలా రోజులు తనను తానే తిట్టుకున్నాడు. చెయ్యక ఎలా? ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

రెండున్నర గంటలకు తలుపు తెరిచి డాక్టరు బయటికొచ్చాడు. "బుడగ మూసుకుంది. ఒక చిన్న కొమ్మ మాత్రం దక్కలేదు. దాని మీద ఆధారపడ్డ కిడ్నీ ముక్క కొంచెం పోతుంది. మిగతాదంతా బాగుంది."

ఆ మాట ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. అయినా విన్నప్పుడు జనగామ తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

* * *

'కోత లేదు, కుట్టు లేదు, రెండో రోజే ఇంటికి' అన్న మాట సగమే నిజం. గొట్టం తీసిన చోట సిస్టరు ఇరవై నిమిషాలు బలంగా అదిమిపట్టింది. కాలు మడవకుండా ఆరుగంటలు వెల్లకిలా పడుకోవాలి. అది అయ్యాక అసలు నొప్పి మొదలైంది. రక్తం అందని కిడ్నీ ముక్క చచ్చిపోయేటప్పుడు ఊరుకోదు. కుడి పక్క నడుం పొడిచినట్టు నొప్పి, వాంతులు, రెండో రోజు జ్వరం. ఇది మామూలే, నాలుగు రోజుల్లో తగ్గుతుందన్నారు. రెండు నెలలుగా నొప్పి లేని జబ్బును మోసిన మనిషికి, వైద్యం అయ్యాక నొప్పి వచ్చింది! "అత్తమ్మా, అప్పుడే బాగుండె" అని ఆ పిల్ల ఏడుస్తుంటే అత్తగారు జవాబు చెప్పలేక కాళ్ళు పట్టుకుని కూచుంది.

ఐదో రోజు ఇంటికి వచ్చారు. కాలనీలో ఒక్కొక్కరికీ చెప్పడమే పెద్ద పనైంది. కుట్టు లేదు, మచ్చ లేదు, తొడ దగ్గర ఒక నల్లటి కమురు తప్ప చూపించడానికేమీ లేదు. 'నరం ఉబ్బిందట', 'రాయి తీశారట', 'అబ్బే, అదేమీ కాదు, పిల్లల కోసమేనట' అని తలా ఒక మాట. చూపించడానికి గాయం లేకపోతే పరామర్శకు వచ్చినవాళ్ళకు కూడా ఏం మాట్లాడాలో తోచదు. దసరా సెలవులయ్యాక ఆమె బడికి పోయింది. మెట్లు మాత్రం ఓ నెల నెమ్మదిగా ఎక్కింది.

బీపీ పూర్తిగా పోలేదు. పోతుందని డాక్టరు హామీ కూడా ఇవ్వలేదు. రోజుకు రెండు మాత్రలు కాస్తా ఒకటైంది. రక్తం పలుచబడే మాత్రలు రెండు కొత్తగా వచ్చి చేరాయి. స్టెంట్ జల్లెడ మీద లోపలి పొర అల్లుకునేదాకా అవి ఆపకూడదు. అంతవరకూ పిల్లల మాట ఎత్తొద్దన్నారు. ఆరు నెలలకు ఒక స్కాన్, ఏడాదికి ఒక స్కాన్. 2023 ఆగస్టు స్కాన్‌లో బుడగలోకి ఒక్క చుక్క రక్తం పోవడం లేదు. కిడ్నీ అడుగున ఓ చిన్న నొక్కు... పోయిన ముక్క గుర్తు. క్రియాటినిన్ మామూలుగా ఉంది. అప్పుడు లేడీ డాక్టరు పాత బీపీ మాత్ర మార్చింది, కడుపులో బిడ్డకు అది పడదు కాబట్టి. పలుచబడే మాత్రల్లో ఒకటి ఆపి, చిన్న డోసు యాస్పిరిన్ ఒక్కటి ఉంచింది.

డిసెంబరులో జనగామకు ఫోను వెళ్ళింది. ఈసారి చేసింది కూతురే.

ఆ తొమ్మిది నెలలూ మామగారు డిజిటల్ బీపీ మిషన్ పక్కన పెట్టుకుని, వర్క్‌షాపు లాగ్‌బుక్కులాగా రూళ్ళు గీసిన నోటుపుస్తకంలో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అంకెలు రాశారు. ఎర్ర ఇంకుతో రాసినవి పదకొండు. రెండుసార్లు అర్ధరాత్రి నడుం నొప్పంటే ఇంటిల్లిపాదీ ఆటోలో పరిగెత్తారు. రెండుసార్లూ ఏమీ కాదన్నారు. డాప్లర్ చేసిన ప్రతిసారీ కడుపులో బిడ్డ గుండె చప్పుడు విన్నాక, కర్రను కొంచెం పైకి జరిపి కుడి కిడ్నీ దగ్గరి చప్పుడు కూడా వినిపించమని అత్తగారు అడిగేది. రెండు చప్పుళ్ళూ వినేదాకా గదిలోంచి కదిలేది కాదు. 38వ వారంలో బీపీ పైకి లేస్తోందని సిజేరియన్ చేశారు. 2024 ఆగస్టులో ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు.

2025 ఆగస్టులో పాప మొదటి పుట్టినరోజు. మీర్జాలగూడలో ఫంక్షన్ హాలు మాట్లాడదామని కొడుకు తేదీలు చూస్తున్నాడు. గోడమీది తెలుగు క్యాలెండర్లో అదే వారంలో అత్తగారు ముందే పెట్టుకున్న ఎర్ర సున్నా ఒకటి ఉంది. మూడో ఏటి స్కాన్.

"స్కాన్ ఓ పది రోజులు వెనక్కి జరుపుకోవచ్చు గద అమ్మా" అన్నాడు.

అత్తగారు పాపను చంకలోకి సర్దుకుంది. "హాలే వెనక్కి జరుపు" అంది.